కరెంటు పోయినా గిటార్ మోగాలి: నాలుగు పెడళ్లకు రిలే స్విచ్చర్ కట్టి ప్రోగ్రామ్ చేసుకోవడం ఎలా

పల్లవిలో గిటార్‌కి కోరస్, రివర్బ్ అనే పెడళ్లు (శబ్దం తీరు మార్చే, కాలితో తొక్కే పెట్టెలు) ఆన్‌లో ఉండాలి. చరణం రాగానే ఆ రెండూ ఆపి ఓవర్‌డ్రైవ్, డిలే వెయ్యాలి. అంటే అర సెకనులో నాలుగు స్విచ్చులు తొక్కాలి. ఉన్నవేమో రెండు కాళ్లు, అందులో ఒకటి నిలబడడానికి కావాలి. భీమిలి రోడ్డులో ఒక సంగీత్‌కి వాయిస్తూ నేను వేసిన గెంతులు చూసి మా డ్రమ్మర్ "ఏటి గురూ, కింద తేలేమైనా ఉందా?" అని మైకులో అడిగేశాడు. ఆ రాత్రే అనుకున్నాను, ఒక్క బటన్ తొక్కితే నాలుగూ మారిపోయే పెట్టె ఒకటి కట్టుకోవాలని.

రెడీమేడ్‌గా దొరుకుతాయి, కాకపోతే ఖరీదు. ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ రాసి ఎక్కించుకునే చిన్న బోర్డు) ఒకటి, ఐదు రిలేలు (కరెంటు ఇస్తే మారే స్విచ్చులు), గుప్పెడు రెసిస్టర్లు, కాస్త ఓపిక ఉంటే రెండు ఆదివారాల్లో మీరే కట్టుకోవచ్చు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం, మల్టీమీటర్ వాడడం వచ్చు అనుకుని రాస్తున్నాను. మొత్తం 9 వోల్టుల మీద నడిచే పని కాబట్టి షాక్ భయం లేదు. ఇదే లెక్కన ఇంట్లో ఫ్యాను, లైటు కూడా తిప్పేద్దామని మాత్రం అనుకోకండి, ఆ రిలేలు వేరు, ఆ జాగ్రత్తలు వేరు.

ముందు కాగితం, తర్వాతే ఐరన్

చాలామంది నేరుగా కోడ్ దగ్గరికి పోతారు. నేనూ అలాగే వెళ్లి ఒక బోర్డు పాడుచేసుకున్నాను. మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: కరెంటు లేనప్పుడు సిగ్నల్ ఏ దారిన పోవాలి? వేదిక మీద అడాప్టర్ ఊడిపోతుంది, ఎవరో వైరు తన్నేస్తారు, జనరేటర్ మారేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పోతుంది. అప్పుడు ఎఫెక్టులు పోతే పోనీ, గిటార్ మాత్రం యాంప్‌కి చేరాలి. ఈ షరతు పెట్టుకుంటే వైరింగ్‌లోనూ కోడ్‌లోనూ సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

రిలేలో ఒక్కో పోల్‌కీ, అంటే లోపలి ఒక్కో స్విచ్‌కీ, మూడు కాళ్లు: కామన్, ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండేది), ఎన్‌ఓ (మామూలుగా విడిగా ఉండేది). కాయిల్‌కి (స్విచ్‌ని కదిలించే తీగచుట్టకి) కరెంటు లేనప్పుడు కామన్ ఎన్‌సీతో కలిసి ఉంటుంది, ఇస్తే ఎన్‌ఓ వైపు దూకుతుంది. మనకు రెండు పోల్స్ ఉన్న రిలే, అంటే డీపీడీటీ కావాలి. పెడల్‌కి పంపడానికి ఒక పోల్, పెడల్ నుంచి తీసుకోవడానికి ఇంకోటి.

కాగితం మీద ఇలా గీయండి. ఇన్‌పుట్ జాక్ నుంచి వచ్చిన వైరు మొదటి రిలే ఎ-పోల్ కామన్‌కి. ఎ-పోల్ ఎన్‌ఓ నుంచి సెండ్ జాక్‌కి. రిటర్న్ జాక్ నుంచి వచ్చేది బి-పోల్ ఎన్‌ఓకి. బి-పోల్ కామన్ నుంచి తర్వాతి రిలే ఎ-పోల్ కామన్‌కి. ఇక మిగిలింది రెండు ఎన్‌సీలు, వాటిని ఒకదానితో ఒకటి చిన్న వైరు ముక్కతో కలిపేయండి. ఆ ముక్కే కరెంటు పోయినప్పటి దారి. రిలే పడుకుని ఉంటే సిగ్నల్ ఎ కామన్, ఎ ఎన్‌సీ, బి ఎన్‌సీ, బి కామన్ మీదుగా పెడల్‌ని తాకకుండా ముందుకెళ్లిపోతుంది. నాలుగు రిలేలకూ ఇదే బొమ్మ.

ఐదో రిలే మ్యూట్‌కి, అంటే శబ్దం ఆపడానికి. దీనికి ఒక పోల్ చాలు: కామన్ అవుట్‌పుట్ జాక్‌కి, ఎన్‌సీ నాలుగో రిలే నుంచి వచ్చే వైరుకి, ఎన్‌ఓ గ్రౌండ్‌కి. ఎన్‌ఓని ఖాళీగా వదిలేస్తే మ్యూట్ చేసినప్పుడు యాంప్‌కి వెళ్లే కేబుల్ గాల్లో వేలాడుతున్నట్టే, హమ్ వస్తుంది. గ్రౌండ్‌కి కలిపితే నిజంగా నిశ్శబ్దం.

ఈ పద్ధతిలో పెడళ్ల వరస మారదని గుర్తుంచుకోండి. ఓవర్‌డ్రైవ్ తర్వాత డిలే అని కడితే ఎప్పటికీ అంతే. ఏ పెడల్ ఎక్కడైనా రావాలంటే మ్యాట్రిక్స్ (ఏ దారినైనా ఏ దారితోనైనా కలపగల స్విచ్చుల గళ్లు) కావాలి, నాలుగు పెడళ్లకే పదహారు కలయిక బిందువులు దాటిపోతాయి. మొదటి పెట్టెకి అంత అక్కర్లేదని నా అభిప్రాయం.

రిలే కొనేటప్పుడు

ఇక్కడ విశాఖలో డాబాగార్డెన్స్ వైపు వెళ్లి "ఐదు వోల్టుల రిలే" అని అడిగితే చేతిలో పెట్టేది ఆ నీలం చదరపు పెట్టె. మీద 10 ఆంప్స్, 250 వోల్ట్స్ అని ఉంటుంది. ఇంత పెద్ద లోడు మోసేది గిటార్ సిగ్నల్ మొయ్యలేదా అనిపిస్తుంది. మొయ్యలేదు! అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగుదాం.

పవర్ రిలేల కాంటాక్టుల మీద గాలికి ఒక పలుచని పొర పడుతుంది. పెద్ద కరెంటు తెగేటప్పుడు, కలిసేటప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ ఆ పొరను ఎప్పటికప్పుడు కాల్చేస్తుంది. మన సిగ్నల్ ఎంతని? గిటార్ నుంచి వోల్టులో పదో వంతు వచ్చిందనుకోండి, పెడల్ ఇన్‌పుట్ ఒక మెగాఓమ్ అనుకోండి, పారే కరెంటు మైక్రోఆంప్‌లో పదో వంతు. దాంతో పొర కాలడం కల్ల. మొదటి నెల బ్రహ్మాండంగా మోగుతుంది, ఆ తర్వాత గరగరలు, ఒక్కోసారి అసలు మోగదు, తొక్కి తీస్తే మళ్లీ వస్తుంది. మాది పెదవాల్తేరు, కిటికీ తీస్తే సముద్రపు గాలి, జాకుల ఇత్తడే ఏడాదికి పచ్చబడుతుంది. నా మొదటి పెట్టె నీలం రిలేలతో ఒక్క వానాకాలం కూడా దాటలేదు.

అందుకని సిగ్నల్ రిలే అని స్పష్టంగా అడగండి. కాంటాక్టుల మీద బంగారు పూత ఉన్నవి, మూసి సీలు చేసినవి. నేను వాడింది పానసోనిక్ టీక్యూ2, 5 వోల్టులది, ఆన్‌లైన్‌లో తెప్పించాను. చిటికెన వేలి గోరంత ఉంటుంది, కాయిల్ 28 మిల్లీఆంప్స్ చుట్టుపక్కల తీసుకుంటుంది. ఓమ్రాన్ జీ5వీ-2 కూడా మంచిదే, మామూలు రకానికి మాత్రం కాయిల్ 100 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది, అంటే ఐదు కలిపి అర ఆంప్.

లాచింగ్ రిలే అని ఇంకో రకం ఉంది, ఒక్కసారి పల్స్ ఇస్తే అలాగే ఉండిపోతుంది, కరెంటు ఆదా. కానీ కరెంటు పోయినా అది ఉన్న చోటే ఉండిపోతుంది కదా, మన షరతుకి అదే అడ్డం. వద్దు.

రిలే చేతికొచ్చాక కాళ్లు మీరే కనుక్కోండి. మీటర్ ఓమ్స్‌లో పెట్టి వెతికితే ఏ రెండు కాళ్ల మధ్య యాభై నుంచి రెండొందల ఓమ్స్ చూపిస్తుందో అది కాయిల్ (టీక్యూ2కి 178 దగ్గర వస్తుంది). బీప్ మోడ్‌లో మోగే జతలు కామన్, ఎన్‌సీ. కాయిల్‌కి 5 వోల్టులిచ్చి మళ్లీ చూస్తే ఎన్‌ఓ తెలిసిపోతుంది. చిన్న రిలేలు కొన్నింటికి కాయిల్‌కి కూడా ప్లస్, మైనస్ ఉంటుంది. తిప్పి ఇస్తే క్లిక్ మనదు, రిలే పోయిందనుకుని పారేయకండి, టీక్యూ2 అలాంటిదే.

కాయిల్ నడపడం

ఆర్డుయినో పిన్నుకి కాయిల్ నేరుగా తగిలించకండి. పిన్ను నుంచి హాయిగా తీసుకోదగింది 20 మిల్లీఆంప్స్, 40 అంటే చివరి గీత. మధ్యలో ట్రాన్సిస్టర్ ఉండాలి.

అందరూ చెప్పేది యూఎల్ఎన్ 2003 ఐసీ వెయ్యమని. ఏడు డ్రైవర్లు, లోపలే డయోడ్లు, వైరింగ్ శుభ్రంగా ఉంటుంది. నేనూ మొదట అదే వేశాను. దాని తిరకాసు ఏంటంటే లోపల ఉన్నది డార్లింగ్టన్ జత (ఒకదాని వెనక ఒకటి రెండు ట్రాన్సిస్టర్లు), ఆన్‌లో ఉన్నప్పుడు వోల్టు దగ్గరదగ్గర అదే మింగేస్తుంది. 5 వోల్టుల రిలేకి చేరేది నాలుగు. టీక్యూ2 ఆన్ అవడానికి 3.75 వోల్టులు కావాలి, అంటే పని చేస్తుంది కానీ అంచు మీద. కాయిల్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరిగి ఇంకాస్త వోల్టేజ్ అడుగుతుంది. ఇంట్లో ఫ్యాను కింద మోగిన పెట్టె మే నెల స్టేజి లైట్ల కింద మొరాయించడం అలాగే మొదలైంది.

అందుకే విడి ట్రాన్సిస్టర్లు. ఒక్కో రిలేకి ఒక బీసీ 547. పిన్ను నుంచి 2.2 కే రెసిస్టర్ బేస్‌కి, బేస్ నుంచి గ్రౌండ్‌కి 10 కే, ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ కాయిల్ మైనస్‌కి, కాయిల్ ప్లస్ 5 వోల్టులకి. బేస్‌కి రెండు మిల్లీఆంప్స్ అందుతుంది, 28 లాగడానికి ధారాళం. ఆ 10 కే ఎందుకంటే ఆర్డుయినో నిద్రలేచేలోపు పిన్నులు ఎటూ కాకుండా ఉంటాయి, ఆ కాసేపూ రిలే పడుకునే ఉండాలి. మళ్లీ అదే షరతు. కాయిల్‌కి అడ్డంగా ఒక వన్ ఎన్ 4148 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. ఇది మర్చిపోతే కాయిల్ ఆగిన ప్రతిసారీ వెనక్కి తన్నే వోల్టేజ్ ట్రాన్సిస్టర్‌ని చంపుతుంది. తిప్పి పెడితే మొదటిసారే పొగ.

సూచిక లైట్ కోసం 5 వోల్టుల నుంచి 1 కే, ఎల్ఈడీ, అక్కడి నుంచి కలెక్టర్. వేరే పిన్ను అక్కర్లేదు.

9 వోల్టుల అడాప్టర్ నుంచి 7805 రెగ్యులేటర్ ద్వారా 5 వోల్టులు తీసుకుని నానో 5వీ పిన్నుకీ రిలేలకీ ఇవ్వండి. అన్నీ ఆన్‌లో ఉంటే లెక్క 175 మిల్లీఆంప్స్ దగ్గరికి వస్తుంది, 7805 మీద నాలుగు వోల్టులు కరిగిపోవాలి కాబట్టి 0.7 వాట్ వేడి. చిన్న హీట్‌సింక్ తగిలించండి, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆ చిన్న 9 వోల్టుల బ్యాటరీ మీద నడుపుదామనుకుంటే మూడు పాటలకే టెన్షన్ మొదలవుతుంది. పెడళ్ల అడాప్టర్‌నే దీనికీ పంచకండి, హమ్ ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కోలేక ఛస్తారు.

బోర్డు మీద కాయిల్ గ్రౌండూ ఆడియో గ్రౌండూ వేర్వేరు వైర్లుగా తెచ్చి 7805 దగ్గర ఒక్క చోటే కలపండి. జాకులు ఇనుప లేదా అల్యూమినియం పెట్టెలో బిగించండి, ప్లాస్టిక్ టిఫిన్ బాక్సులో కడితే మీరు ట్యూబ్‌లైట్ వాయిస్తున్నట్టుంటుంది.

ప్రతి సెండ్, రిటర్న్ జాక్ కొస నుంచి గ్రౌండ్‌కి ఒక మెగాఓమ్ రెసిస్టర్ వెయ్యండి. పెడల్ లోపలి కెపాసిటర్ల నుంచి కారే కొద్దిపాటి డీసీ ఎక్కడికీ పోలేక పోగుపడి, రిలే కలిసిన క్షణంలో "టప్" అంటుంది. ఈ రెసిస్టర్ దాన్ని ముందే దించేస్తుంది. రిటర్న్ జాకులు స్విచ్ ఉన్నవి కొని ఆ స్విచ్ కాలుని సెండ్ కొసకి కలపండి. అప్పుడు పెడల్ పెట్టని లూప్‌ని (ఒక్కో పెడల్‌కి వెళ్లొచ్చే దారిని) పొరపాటున ఆన్ చేసినా శబ్దం ఆగదు.

ఇప్పుడు ప్రోగ్రామ్

పేర్లలో ఒక తికమక ఉంది: పెడల్ లూప్ వేరు, ఆర్డుయినో కోడ్‌లో తిరుగుతూ ఉండే లూప్ వేరు. ఇక్కడ లూప్ అంటే పెడల్‌దే.

పిన్నులు: 2 నుంచి 5 లూప్ రిలేలు, 6 మ్యూట్, 7 నుంచి 10 ప్రీసెట్ (ముందే దాచుకున్న పెడళ్ల కలయిక) బటన్లు, 11 మ్యూట్ బటన్. 0, 1 జోలికి పోకండి, కోడ్ ఎక్కించేటప్పుడు అవి గిలగిలలాడతాయి, వాటి మీద రిలే ఉంటే అదీ గిలగిలలాడుతుంది. 13 కూడా వద్దు, ఆన్ కాగానే బూట్‌లోడర్ (బోర్డులో మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్) అక్కడి లైటుని మిణుకుమనిపిస్తుంది. బటన్లు పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టి లోపలి పుల్అప్ (పిన్నుని 5 వోల్టుల వైపు పట్టి ఉంచే రెసిస్టర్) ఆన్ చేస్తే రెసిస్టర్లు అక్కర్లేదు. తొక్కినప్పుడు 0 చదువుతుంది, తిరగేసి ఆలోచించాలి.

దారి మొత్తాన్ని ఒకే సంఖ్యగా దాచుకోండి. ఒకటో లూప్ విలువ 1, రెండోది 2, మూడోది 4, నాలుగోది 8. ఓవర్‌డ్రైవ్, కోరస్, డిలే, రివర్బ్ అదే వరసలో ఉన్నాయనుకుంటే పల్లవికి కోరస్, రివర్బ్ కలిపి 10. చరణానికి ఓవర్‌డ్రైవ్, డిలే కలిపి 5. సోలోకి 13. ఏమీ లేని శుభ్రమైన గిటార్ 0. 0 నుంచి 15 వరకు పదహారు దారులు, అంతకు మించి లేవు. రిలేకో వేరియబుల్ పెట్టుకుని అవును, కాదు అని రాసుకుంటూ పోతే కోడ్ మూడు పేజీలవుతుంది, ఒక్క చోట తప్పితే పట్టుకోలేరు.

మార్పు చేసే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి, ఎక్కడి నుంచైనా దాన్నే పిలవాలి. అది చేయాల్సిన పని ఇది. పాత సంఖ్యా కొత్త సంఖ్యా ఒకటే అయితే వెంటనే వెనక్కి వచ్చేయాలి. లేకపోతే మ్యూట్ వేసి 5 మిల్లీసెకన్లు ఆగాలి. పాతలో ఉండి కొత్తలో లేని రిలేలను ముందు దించాలి (ఆఫ్ చేయాలి), మళ్లీ 5 ఆగాలి. తర్వాత కొత్తలో ఉండి పాతలో లేని వాటిని ఎత్తాలి (ఆన్ చేయాలి). 10 ఆగి మ్యూట్ తీయాలి. టీక్యూ2 కదలడానికి పట్టేది 3 మిల్లీసెకన్ల లోపే, మిగతాది కాంటాక్ట్ ఎగిరెగిరి స్థిరపడడానికి ఇచ్చే వ్యవధి. మొత్తం 20 మిల్లీసెకన్లు, చెవికి తెలియదు. జీ5వీ-2 వేస్తే ఎత్తడానికి 7 దాకా పట్టొచ్చు, అందుకే మ్యూట్ వేశాక ఆగే వ్యవధి 10, ఆ చివరి వ్యవధి 15 చేసుకోండి.

ముందు దించి తర్వాత ఎత్తడం మన వరస వైరింగ్‌లో ప్రాణాంతకమేమీ కాదు, రెండు రిలేలు ఒకదాన్నొకటి షార్ట్ చేసుకునే అవకాశం ఇక్కడ లేదు. అయినా అలవాటు చేసుకోండి. రేపు రెండు గిటార్లు ఒకే యాంప్‌కి మార్చే రిలేలు కలిపితే, క్షణంపాటు రెండు దారులూ కలిసిపోకుండా ఆపేది ఈ క్రమమే.

బటన్ తొక్కగానే దారి మారాలి, వదిలాక కాదు. తాళంలో ఆ తేడా కాలికి తెలుస్తుంది. తొక్కినప్పుడు వచ్చే వణుకుని వదిలించుకోవడానికి మొదటి మార్పు పట్టుకున్నాక 25 మిల్లీసెకన్లు ఆ బటన్‌ని పట్టించుకోకండి. రెండు సెకన్లు అలాగే తొక్కి ఉంచితే ఆ ప్రీసెట్ దిద్దుబాటులోకి వెళ్లాలి. దిద్దుబాటులో అవే నాలుగు బటన్లు నాలుగు లూపులను ఆన్, ఆఫ్ చేస్తాయి, మళ్లీ రెండు సెకన్లు తొక్కి ఉంచితే దాచుకోవాలి. లూప్ మార్చడం ఇక్కడ మాత్రం వదిలినప్పుడే జరగాలి. లేకపోతే దాచడానికి రెండు సెకన్లు తొక్కిన బటన్ ఒక లూప్‌ని మార్చేసి మరీ దాస్తుంది. నాకు ఇది తట్టడానికి ఒక సాయంత్రం పట్టింది, ప్రతిసారీ ఓవర్‌డ్రైవ్ ఎందుకు మాయమవుతోందో అర్థం కాలేదు.

దాచేది ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని జ్ఞాపకం), నానోలో 1024 బైట్లున్నాయి, మనకు కావాల్సింది ఐదు. కొత్త చిప్‌లో ప్రతి గడిలోనూ 255 ఉంటుంది. దాన్ని ప్రీసెట్ అనుకుని చదివితే మొదటిసారి బటన్ తొక్కగానే నాలుగు పెడళ్లూ ఒక్కసారి గయ్యిమంటాయి. కాబట్టి 0వ గడిలో మీకు నచ్చిన గుర్తు సంఖ్య, ఉదాహరణకి 77, రాసుకోండి. ఆన్ అయినప్పుడు అక్కడ 77 లేకపోతే ఇది కొత్త చిప్ అని తెలుస్తుంది, అప్పుడు 1 నుంచి 4 గడుల్లో 0, 10, 5, 13 రాసి ఆ తర్వాత 77 రాయండి.

ఒక్కో గడిని లక్షసార్లు రాయొచ్చని చిప్ తయారీదారు హామీ. వినడానికి చాలా ఎక్కువ. కానీ ఒక రాతకి 3.3 మిల్లీసెకన్లు పడుతుంది, పొరపాటున ఆ రాసే వరసని తిరుగుతూ ఉండే భాగంలో పెట్టారంటే లక్ష రాతలూ ఐదున్నర నిమిషాల్లో అయిపోతాయి. దిద్దుబాటు ముగిసినప్పుడే, అదీ విలువ మారితేనే రాయండి. చివరగా వాడిన ప్రీసెట్ గుర్తుపెట్టుకోవడం లాంటివి నేను పెట్టలేదు, ఆన్ కాగానే ఎప్పుడూ 0 దారే.

యాంప్‌కి తగిలించే ముందు

పెడళ్లు లేకుండా, మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఇన్‌పుట్ కొసనీ అవుట్‌పుట్ కొసనీ పట్టుకోండి. అడాప్టర్ తీసేసి మోగాలి, ఇది మోగకపోతే మిగతావి చూడక్కర్లేదు, ఏదో ఎన్‌సీ వైరు తప్పింది. అడాప్టర్ పెట్టి 0 నుంచి 15 వరకు వరసగా తిప్పండి, స్విచ్ జాకులున్నాయి కాబట్టి అన్నిటికీ మోగాలి. ఇప్పుడు ఏ వైరూ లేని ఉత్త ప్లగ్ ఒకటి మూడో రిటర్న్‌లో గుచ్చండి. 4 కలిసిన ఎనిమిది సంఖ్యలకు బీప్ ఆగిపోవాలి, మిగతా ఎనిమిదికి మోగాలి. ఇలా నాలుగు రిటర్నులూ చూడండి. వేరే సంఖ్యలకు ఆగిందంటే పిన్నులు అటూ ఇటూ అయ్యాయి, ఐరన్ ముట్టుకోకుండా కోడ్‌లోనే మార్చుకోవచ్చు.

తర్వాత 10, 5 మధ్య ఇరవై ముప్పైసార్లు తిప్పండి. నాలుగు రిలేలూ ఒకేసారి మారేది ఇక్కడే కాబట్టి సప్లై బలహీనంగా ఉంటే నానో రీసెట్ అయి 0కి వచ్చేస్తుంది. అలా అయితే రిలేల ప్లస్ దగ్గర ఒక 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్యండి. పెడళ్లు పెట్టాక కూత వస్తే ముందు చూడాల్సింది సెండ్, రిటర్న్ కేబుళ్లు తారుమారయ్యాయా అని. డిలే పెట్టిన లూప్‌లో ఇంకా కొద్దిగా టప్‌మంటే ఆ పెడల్ దగ్గరి ఒక మెగాఓమ్ టంకం చూడండి, చాలాసార్లు అదే ఊడి ఉంటుంది.

సముద్రం పక్కన ఉన్నవాళ్లు జాకులకు ఆరు నెలలకోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. సీలు చేసిన రిలేల జోలికి పోనక్కర్లేదు. నా రెండో పెట్టె మూడు వానాకాలాలు చూసింది. జాకులు ఒకసారి మార్చాను, రిలేలు మొదటివే.